లవణం నీటిలో కరిగితే ఉష్ణం ఎంత మారింది? కొలిచి లెక్కించే పద్ధతి, అడుగడుగునా

సూత్రం అందరికీ వచ్చు. ద్రవ్యరాశిని విశిష్టోష్ణంతోనూ (ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం), ఉష్ణోగ్రతలో వచ్చిన తేడాతోనూ గుణించడమే. అయినా పదిమంది ఒకే లవణాన్ని కరిగించి లెక్క వేస్తే పది జవాబులు వస్తాయి. వాటిలో రెండు మూడింటికి గుర్తు కూడా తలకిందులై ఉంటుంది.

"ఎక్కడ తప్పాను?" అని అడిగేవారి కాగితాలు చూస్తే, గుణకారం దాదాపు ఎప్పుడూ సరిగానే ఉంటుంది. తప్పు అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది. ఏ ద్రవ్యరాశిని తీసుకోవాలి, ఏ ఉష్ణోగ్రతను చివరిదిగా లెక్కించాలి, సీసాలో ఉన్నది నిర్జల (నీరు లేని) లవణమా లేక స్ఫటిక జలం (స్ఫటికంలోనే ఇమిడి ఉన్న నీరు) ఉన్నదా? చిక్కంతా ఈ మూడు ప్రశ్నల దగ్గరే. అందుకే ఇక్కడ లెక్కకంటే దాని ముందు జరిగే పనికే ఎక్కువ చోటు ఇచ్చాను.

1. ముందు గుర్తు సంగతి తేల్చుకోండి

థర్మామీటరు ఉన్నది నీటిలో. అది చెప్పేది నీటి కథ. మనకు కావలసింది లవణం కథ. ఈ రెండూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి.

నీరు చల్లబడితే, నీటి నుంచి ఉష్ణం కరిగే ప్రక్రియలోకి వెళ్లింది. అది ఉష్ణగ్రాహక ప్రక్రియ, దాని గుర్తు ధనం. నీరు వేడెక్కితే, కరిగే ప్రక్రియ ఉష్ణాన్ని బయటికి ఇచ్చింది. అది ఉష్ణమోచక ప్రక్రియ, గుర్తు రుణం.

సూత్రాన్ని రెండు వరుసలుగా రాసుకుంటే తికమక ఉండదు:

నీరు, కప్పు పొందిన ఉష్ణం = (ద్రవ్యరాశి × విశిష్టోష్ణం + కప్పు ఉష్ణధారణ) × (చివరి ఉష్ణోగ్రత − మొదటి ఉష్ణోగ్రత)

ద్రావణ ఉష్ణం = − (నీరు, కప్పు పొందిన ఉష్ణం) ÷ లవణం మోల్‌ల సంఖ్య

కప్పు ఉష్ణధారణ అంటే కప్పును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం. లవణం గ్రాములను దాని మోలార్ ద్రవ్యరాశితో, అంటే ఒక మోల్ ద్రవ్యరాశితో భాగిస్తే మోల్‌ల సంఖ్య వస్తుంది. రెండో వరుసలోని ఆ మైనస్ గుర్తును చాలామంది మరచిపోతారు. అందుకే నా అలవాటు ఒకటి చెబుతాను. కాగితం పైన, లెక్క మొదలుపెట్టక ముందే, "నీరు చల్లబడింది, కాబట్టి జవాబు ధనం" అనో, "నీరు వేడెక్కింది, కాబట్టి జవాబు రుణం" అనో ఒక్క వాక్యం రాసి పెట్టుకుంటాను. చివర్లో వచ్చిన అంకె ఆ వాక్యంతో కలవకపోతే వెనక్కి వెళ్లి వెతుక్కుంటాను.

2. లవణాన్ని ఎంచుకోండి

ఇంట్లో దొరుకుతుంది కదా అని వంట ఉప్పుతో మొదలుపెట్టకండి. ఒక మోల్ సోడియం క్లోరైడ్ కరిగితే నీటి నుంచి తీసుకునేది దాదాపు 3.9 కిలోజౌళ్లే. 100 గ్రాముల నీటిలో 5.84 గ్రాములు, అంటే 0.1 మోల్ కరిగిస్తే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ కూడా తగ్గదు, 0.9 దగ్గర ఆగిపోతుంది. పదో వంతు డిగ్రీ చూపే థర్మామీటరుతో ఆ తేడాను కొలిస్తే జవాబులో ఐదో వంతు వరకు పొరపాటు దూరుతుంది.

25 డిగ్రీల సెల్సియస్ వద్ద, బాగా విలీనమైన, అంటే లవణం కంటే నీరు చాలా ఎక్కువగా ఉన్న ద్రావణాలకు పట్టికల్లో కనిపించే విలువలు ఇవి. అన్నీ ఒక మోల్‌కు, కిలోజౌళ్లలో:

- పొటాషియం నైట్రేట్: +34.9
- అమ్మోనియం నైట్రేట్: +25.7
- పొటాషియం క్లోరైడ్: +17.2
- అమ్మోనియం క్లోరైడ్: +14.8
- సోడియం క్లోరైడ్: +3.9
- లిథియం క్లోరైడ్: −37.0
- నిర్జల కాల్షియం క్లోరైడ్: సుమారు −81

మొదటిసారి చేసేవారికి అమ్మోనియం క్లోరైడ్ గాని, పొటాషియం క్లోరైడ్ గాని నేను సూచిస్తాను. రెండూ త్వరగా కరుగుతాయి, రెండింటికీ స్ఫటిక జలం లేదు. పొటాషియం నైట్రేట్ విలువ పెద్దదే అయినా నీరు చల్లబడే కొద్దీ దాని ద్రావణీయత బాగా పడిపోతుంది, కరగడం ఆలస్యమవుతుంది. అమ్మోనియం నైట్రేట్ ఆక్సీకారిణి, అంటే ఇతర పదార్థాలు మండడానికి తోడ్పడేది. నిప్పుకు, మండే పదార్థాలకు దూరంగా ఉంచాలి, పర్యవేక్షణ లేని చోట దాని జోలికి పోకపోవడమే మంచిది.

3. సామగ్రి సిద్ధం చేసుకోండి

గాజు బీకరులో ఈ ప్రయోగం చేయకూడదు. గాజు విశిష్టోష్ణం గ్రాముకు, డిగ్రీకి దాదాపు 0.84 జౌళ్లు. 100 గ్రాముల బీకరు పూర్తిగా నీటితో పాటు చల్లబడితే, డిగ్రీకి 84 జౌళ్లు దాని ఖాతాలోకే పోతాయి. నిజానికి బీకరంతా ఒకే ఉష్ణోగ్రతకు రాదు, ఎంత భాగం వచ్చిందో మనకు తెలియదు. అదే అసలు ఇబ్బంది.

థర్మోకోల్ కప్పు ఇందుకు చక్కగా సరిపోతుంది. ఒకదానిలో ఒకటిగా రెండు కప్పులు పెట్టి, అవి ఒరిగిపోకుండా ఒక బీకరులో నిలబెట్టండి. ఇక్కడ బీకరు పని ఆధారంగా నిలవడమే, నీరు దానికి తగలదు.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి:

- రెండు థర్మోకోల్ కప్పులు, థర్మామీటరుకు, కలిపే కడ్డీకి రంధ్రాలున్న మూత
- కనీసం 0.1 డిగ్రీ చూపే థర్మామీటరు, ఒకటే
- 0.01 గ్రాము చూపే త్రాసు
- గడియారం లేదా స్టాప్‌వాచ్
- పొడిగా నూరిన లవణం, మూత బిగించిన సీసాలో
- స్వేదన జలం
- గ్రాఫ్ కాగితం
- కళ్లద్దాలు, చేతి తొడుగులు

నీటిని, లవణాన్ని, కప్పును, థర్మామీటరును కనీసం అరగంట ఒకే బల్ల మీద ఉంచండి. కుళాయి నుంచి అప్పుడే పట్టిన నీరు గది కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండవచ్చు. ఆ తేడా మన ప్రయోగంలో రాబోయే తేడా అంత ఉంటుంది!

థర్మామీటరు "ఒకటే" అని ఎందుకన్నానంటే, రెండు థర్మామీటర్లు ఒకే నీటిలో ముంచినా అర డిగ్రీ తేడా చూపడం మామూలే. ఒకే థర్మామీటరు తప్పు చూపినా రెండు రీడింగుల్లోనూ అదే తప్పు ఉంటుంది. తీసివేతలో అది కొట్టుకుపోతుంది.

4. కప్పు వాటా ఎంతో కనుక్కోండి

థర్మోకోల్ కప్పు ఉష్ణాన్ని అసలు తీసుకోదని కొన్ని లెక్కల్లో అనుకుంటారు. పరీక్ష ప్రశ్నలో అలా ఇస్తే అలాగే చేయండి. చేత్తో కొలుస్తున్నప్పుడు మాత్రం కప్పు, థర్మామీటరు, కడ్డీ కలిసి ఎంత తీసుకుంటాయో ఒకసారి కొలిచి పెట్టుకోవాలి.

పద్ధతి ఇది:

- కప్పులో 50.0 గ్రాముల చల్లని నీరు పోసి ఉష్ణోగ్రత రాసుకోండి. ఉదాహరణకు 27.0 డిగ్రీలు.
- వేరే పాత్రలో 50.0 గ్రాముల వేడి నీటి ఉష్ణోగ్రత చూసి, వెంటనే కప్పులో పోయండి. ఉదాహరణకు 47.0 డిగ్రీలు.
- కలిపి, మిశ్రమం ఉష్ణోగ్రత రాసుకోండి. ఉదాహరణకు 36.7 డిగ్రీలు.

వేడి నీరు పోగొట్టుకున్నది (4.18 నీటి విశిష్టోష్ణం): 50.0 × 4.18 × 10.3 = 2153 జౌళ్లు.
చల్లని నీరు పొందినది: 50.0 × 4.18 × 9.7 = 2027 జౌళ్లు.
లెక్కకు రానిది 126 జౌళ్లు. అది కప్పు తీసుకుంది. కప్పు కూడా 9.7 డిగ్రీలు వేడెక్కింది కాబట్టి దాని ఉష్ణధారణ 126 ÷ 9.7 = 13 జౌళ్లు, డిగ్రీకి.

ఒక్కసారి కొలిచి ఈ 13ను నమ్మేయకండి. మిశ్రమం ఉష్ణోగ్రతను 36.7కు బదులు 36.6గా చదివితే కప్పు ఉష్ణధారణ 17 దాటుతుంది. 36.8గా చదివితే 9 కంటే తక్కువకు పడిపోతుంది. పదో వంతు డిగ్రీకే ఇంత ఊగిసలాట. మూడు నాలుగు సార్లు చేసి సగటు తీసుకోవాలి. మొత్తం ఉష్ణధారణలో కప్పు వాటా మూడు శాతం లోపే కాబట్టి సగటు కొంచెం అటూ ఇటూ అయినా జవాబు పెద్దగా కదలదు.

5. కరిగించండి

ఇక్కడ తొందరపడితే మళ్లీ మొదటి నుంచి చేయాలి. వరుస తప్పకుండా వెళ్లండి.

- ఖాళీ కప్పును త్రాసు మీద పెట్టి, 100.0 గ్రాముల నీరు తూచండి. కొలజాడీతో మిల్లీలీటర్లలో కొలవడం కంటే ఇది మేలు.
- వెడల్పు నోరున్న చిన్న పాత్రలో 5.35 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ తూచండి. ఇది 0.100 మోల్.
- మూత పెట్టి, థర్మామీటరు గుండ్రని కొన నీటి మధ్యలో ఉండేలా అమర్చండి. అది అడుగుకు ఆనకూడదు.
- నిమిషానికొక రీడింగు చొప్పున 0 నుంచి 3వ నిమిషం వరకు రాసుకోండి.
- సరిగ్గా 4వ నిమిషానికి మూత ఎత్తి, లవణాన్ని ఒక్కసారిగా వేసి, వెంటనే మూసేయండి. ఆ నిమిషానికి రీడింగు తీసుకోవద్దు.
- ఆపకుండా, ఒకే వేగంతో కడ్డీతో కలుపుతూ 5 నుంచి 10వ నిమిషం వరకు రీడింగులు రాసుకోండి.
- లవణం తూచిన పాత్రను మళ్లీ తూచండి. అంటుకుని మిగిలిపోయిన పొడిని 5.35 నుంచి తీసివేయండి.
- మూత తీసి అడుగున కరగని గింజలేమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ ప్రయత్నం చెల్లదు.

కలపడానికి థర్మామీటరును వాడకండి. కొన విరిగితే ప్రయోగం పోవడం ఒక్కటే కాదు, పాదరసపు థర్మామీటరైతే బల్లంతా శుభ్రం చేయవలసి వస్తుంది.

నిర్జల కాల్షియం క్లోరైడ్, సోడియం హైడ్రాక్సైడ్ లాంటి, ఎక్కువ వేడినిచ్చే పదార్థాలతో పని చేస్తుంటే ఎప్పుడూ నీటిలో పదార్థాన్ని వేయాలి. పదార్థం మీద నీరు పోస్తే ఉన్న కొద్దిపాటి నీరే మరిగి చిందుతుంది. ఇంకొక మాట: అమ్మోనియం లవణం మిగిలిన పాత్రలో సోడియం హైడ్రాక్సైడ్ కలపకండి. అమ్మోనియా వాయువు వెలువడుతుంది.

6. అసలు చివరి ఉష్ణోగ్రతను గ్రాఫ్ మీద పట్టుకోండి

చాలామంది థర్మామీటరు చూపిన అతి తక్కువ అంకెనే చివరి ఉష్ణోగ్రతగా రాసేస్తారు. జవాబు ఎప్పుడూ పట్టిక విలువ కంటే తక్కువగా వస్తోందని బాధపడేవారిలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయినవారు.

లవణం కరగడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో గది నుంచి కప్పులోకి వేడి చేరుతూనే ఉంటుంది. కరగడం పూర్తయ్యేసరికి నీరు కొంత తేరుకుని ఉంటుంది. లవణమంతా వేసిన క్షణంలోనే కరిగి ఉంటే నీరు ఎంత చల్లబడేదో ఆ ఉష్ణోగ్రత మనకు కావాలి. దాన్ని థర్మామీటరు ఎప్పుడూ చూపదు, గ్రాఫ్ చూపుతుంది.

ఈ రీడింగులు చూడండి:

- 0 నుంచి 3వ నిమిషం వరకు: 27.4, 27.4, 27.4, 27.4
- 4వ నిమిషం: లవణం వేశాం, రీడింగు లేదు
- 5వ నిమిషం: 24.5
- 6వ నిమిషం: 24.3
- 7వ నిమిషం: 24.4
- 8వ నిమిషం: 24.5
- 9వ నిమిషం: 24.6
- 10వ నిమిషం: 24.7

6వ నిమిషం తర్వాత ఉష్ణోగ్రత నిమిషానికి 0.1 డిగ్రీ చొప్పున పెరుగుతోంది. అంటే కరగడం అయిపోయింది, ఇప్పుడు గది ఒక్కటే పని చేస్తోంది. 6 నుంచి 10 వరకు ఉన్న బిందువుల మీదుగా స్కేలుతో సరళరేఖ గీసి, దాన్ని వెనక్కి 4వ నిమిషం దాకా పొడిగించండి. 6వ నిమిషంలో 24.3, రెండు నిమిషాలు వెనక్కి వెళితే 24.1. ఇదే మన చివరి ఉష్ణోగ్రత.

5వ నిమిషపు 24.5 ఆ రేఖకు పైన ఒంటరిగా ఉంటుంది. అప్పటికి లవణం ఇంకా కరుగుతూ ఉంది కాబట్టి దాన్ని రేఖలో కలపకూడదు. బిందువులన్నిటినీ కలిపి కంప్యూటర్ చేత రేఖ గీయించేవారు ఈ ఒక్క బిందువుతో మొత్తం పాడు చేసుకుంటారు.

ఉష్ణమోచక లవణానికీ పద్ధతి ఇదే. అక్కడ రేఖ కిందికి వాలుతుంది, వెనక్కి పొడిగిస్తే పైకి వెళుతుంది. లవణం వేయక ముందు రీడింగులు కూడా నిలకడగా లేకపోతే, వాటి మీదుగా మరో రేఖ గీసి ముందుకు 4వ నిమిషం దాకా లాగండి. రెండు రేఖల మధ్య 4వ నిమిషం దగ్గరున్న నిట్టనిలువు దూరమే ఉష్ణోగ్రత తేడా.

7. లెక్క వేయండి

నీరు చల్లబడింది, కాబట్టి జవాబు ధనం. ఇది ముందే రాసుకున్నాం.

ఉష్ణోగ్రత తేడా: 24.1 − 27.4 = −3.3 డిగ్రీలు. ఇక్కడ 273 కలపనక్కర లేదు. సెల్సియస్ తేడా, కెల్విన్ తేడా ఒకటే.

ద్రావణం ద్రవ్యరాశి: 100.0 + 5.35 = 105.35 గ్రాములు.

ద్రావణం ఉష్ణధారణ: 105.35 × 4.18 = 440.4 జౌళ్లు, డిగ్రీకి.

కప్పుతో కలిపి: 440.4 + 13 = 453.4 జౌళ్లు, డిగ్రీకి.

నీరు, కప్పు పొందిన ఉష్ణం: 453.4 × (−3.3) = −1496 జౌళ్లు.

మోల్‌లు: 5.35 ÷ 53.49 = 0.100.

ద్రావణ ఉష్ణం: −(−1496) ÷ 0.100 = +14,960 జౌళ్లు. కిలోజౌళ్లలో మోల్‌కు +15.0.

పట్టికలో ఉన్నది +14.8. గ్రాఫ్ గీయకుండా 24.3నే తీసుకుని ఉంటే తేడా 3.1 డిగ్రీలే అయ్యేది, జవాబు 14.1కి పడేది. కప్పును కూడా వదిలేస్తే 13.7. కాగితం మీద ఒక గీత గీయడం వల్ల దాదాపు ఆరు శాతం తిరిగి వచ్చింది.

8. నీటి ద్రవ్యరాశా, ద్రావణం ద్రవ్యరాశా?

పుస్తకాలు రెండు రకాలుగానూ చేస్తాయి. కొన్ని ద్రావణం మొత్తం ద్రవ్యరాశిని 4.18తో గుణిస్తాయి, కొన్ని నీటిని మాత్రమే. ఏది సరి అన్నది తరచూ వచ్చే ప్రశ్న.

నిజానికి రెండూ ఉజ్జాయింపులే. లవణం కరిగాక ద్రావణం విశిష్టోష్ణం 4.18 ఉండదు, తగ్గుతుంది. ఐదు శాతం సోడియం క్లోరైడ్ ద్రావణానికి అది సుమారు 3.9. అలాంటి ద్రావణం 105 గ్రాములకు లెక్క వేస్తే డిగ్రీకి దాదాపు 410 జౌళ్లు వస్తాయి. నీటిని మాత్రమే తీసుకున్న లెక్క 418, మొత్తాన్ని 4.18తో గుణించిన లెక్క 439. మొదటిదే నిజానికి దగ్గర.

కాబట్టి సాధారణ అయానిక లవణాల విలీన ద్రావణాలకు నీటి ద్రవ్యరాశినే తీసుకోవడం మేలని నా అభిప్రాయం. మన ఉదాహరణలో అలా చేస్తే (418 + 13) × 3.3 = 1422 జౌళ్లు, మోల్‌కు 14.2 కిలోజౌళ్లు వస్తాయి. పట్టిక విలువకు ఇది కొంచెం దూరమే కదా అని మీరు అడగవచ్చు. దూరమే. జవాబు బాగా కలిసింది కదా అని ఉజ్జాయింపు సరైనదని అనుకోకూడదు. ఒక పొరపాటు ఇంకో పొరపాటును కప్పేసి ఉండవచ్చు.

పరీక్షలో అయితే ప్రశ్నలో చెప్పిన దాన్ని పాటించండి. చెప్పకపోతే మీరు దేన్ని తీసుకున్నారో ఒక వాక్యంలో రాయండి. ద్రావణం అసలు విశిష్టోష్ణం పట్టికలో దొరికితే ఈ తగవే లేదు. మొత్తం ద్రవ్యరాశిని దానితోనే గుణించండి.

9. ఎన్ని అంకెలు నమ్మాలి?

కాలిక్యులేటరు 14.9622 అని చూపిస్తుంది. వీటిలో మనవి ఎన్ని?

త్రాసు పొరపాటు 5.35లో 0.01, అంటే రెండు వందల వంతుల్లో ఒకటి కూడా కాదు. థర్మామీటరు సంగతి వేరు. రెండు రీడింగుల్లోనూ 0.1 చొప్పున తప్పితే, 3.3లో 0.2 వరకు అనుమానం. అది ఆరు శాతం. కాబట్టి నిజాయతీగా రాస్తే జవాబు 15.0, అటూ ఇటూ 0.9. పైన వచ్చిన 15.0, 14.2 రెండూ ఆ పరిధిలోనే ఉన్నాయి.

ఖర్చు పెట్టగలిగితే త్రాసు మీద కాదు, 0.01 డిగ్రీ చూపే థర్మామీటరు మీద పెట్టండి. అది లేకపోతే ప్రయోగాన్ని కనీసం మూడుసార్లు చేయండి.

10. స్ఫటిక జలం: సీసా మీద పేరు పూర్తిగా చదవండి

నిర్జల కాపర్ సల్ఫేట్ కరిగితే మోల్‌కు 66.5 కిలోజౌళ్లు బయటికి వస్తాయి. మైలుతుత్తం, అంటే అయిదు నీటి అణువులున్న నీలి కాపర్ సల్ఫేట్ కరిగితే మోల్‌కు 11.7 కిలోజౌళ్లు లోపలికి పోతాయి. పేరు ఒకటే, గుర్తే మారిపోయింది.

దగ్గర నుంచి చూద్దాం. ఒక కప్పులో 100.0 గ్రాముల నీటిలో 7.98 గ్రాముల తెల్లని నిర్జల పొడి వేశాం. మరో కప్పులో 95.5 గ్రాముల నీటిలో 12.48 గ్రాముల నీలి స్ఫటికాలు వేశాం. రెండిట్లోనూ ఉన్నది 0.05 మోలే. స్ఫటికాల్లోనే 4.5 గ్రాముల నీరు ఉంది కాబట్టి రెండో కప్పులో నీరు ఆ మేరకు తగ్గించాం. చివరికి రెండు కప్పుల్లోనూ ఒకే గాఢత ఉన్న, ఒకే నీలి రంగు ద్రావణం. కాని మొదటిది సుమారు 7 డిగ్రీలు వేడెక్కి ఉంటుంది, రెండోది ఒక డిగ్రీకి పైగా చల్లబడి ఉంటుంది.

ఈ రెండు కొలతల నుంచి, నేరుగా కొలవడం కష్టమైన మూడోదాన్ని రాబట్టవచ్చు. నిర్జల లవణం నీటిని పట్టుకుని నీలి స్ఫటికంగా మారడంలో వెలువడే ఉష్ణం అది. హెస్ నియమం ప్రకారం నేరుగా కరిగినా, ముందు స్ఫటికంగా మారి తర్వాత కరిగినా మొత్తం మార్పు ఒకటే:

−66.5 = (స్ఫటికంగా మారే ఉష్ణం) + 11.7

కాబట్టి స్ఫటికంగా మారే ఉష్ణం = −66.5 − 11.7 = −78.2 కిలోజౌళ్లు, మోల్‌కు.

11.7ను తీసివేయాలి, కలపకూడదు. కలిపి −54.8 అని రాసేవారు చాలామంది. సమీకరణం రాసి పక్షాంతరం చేస్తే ఈ పొరపాటు రాదు.

నిర్జల పొడి నీటిలో పడగానే పై పొర నీలి గట్టి ముద్దలుగా మారి, లోపలి పొడికి నీరు అందకుండా చేస్తుంది. మెత్తగా నూరి, గట్టిగా కలపాలి.

కాల్షియం క్లోరైడ్‌తో నాకు ఒకసారి ఎదురైన సంగతి చెబుతాను. 5.55 గ్రాములకు, అంటే 0.05 మోల్‌కు, 100 గ్రాముల నీటిలో దాదాపు 9 డిగ్రీల పెరుగుదల రావాలి. నాకు 6 దగ్గర ఆగింది. మూడుసార్లు చేసినా అంతే. గ్రాఫ్ మార్చి మార్చి గీశాను, త్రాసును అనుమానించాను. చివరికి సీసా మూత వదులుగా ఉందని గమనించాను. లవణం గాలిలోని తేమను ఎన్నాళ్లుగానో పీల్చుకుంటోంది. నేను తూచినదానిలో కొంత నీరే. పైగా ఆ నీటిని పట్టుకున్నప్పుడు వెలువడవలసిన వేడి అప్పటికే వెలువడిపోయింది. గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయంటే ఆ సీసాను పక్కన పెట్టేయండి.

11. ప్రయోగం లేకుండా లెక్కించాలంటే

ఇది రెండు సందర్భాల్లో అవసరమవుతుంది.

మొదటిది: ఎంత లవణం వేస్తే ఎన్ని డిగ్రీల మార్పు వస్తుందో ముందే అంచనా వేయడం. సూత్రాన్ని తిప్పితే చాలు. పట్టిక విలువను మోల్‌లతో గుణించి, మొత్తం ఉష్ణధారణతో భాగించండి. 7.46 గ్రాముల పొటాషియం క్లోరైడ్, అంటే 0.1 మోల్‌కు 1720 జౌళ్లు. ద్రావణం ఉష్ణధారణ 107.46 × 4.18 = 449, కప్పుతో కలిపి 462. నీరు 3.7 డిగ్రీలు చల్లబడాలి. ప్రయోగానికి ముందు ఈ అంచనా వేసుకుంటే, రీడింగు 1.5 దగ్గర ఆగినప్పుడే ఏదో తప్పిందని తెలుస్తుంది.

రెండోది: జాలక శక్తి, ఆర్ద్రీకరణ శక్తుల నుంచి లెక్కించడం. స్ఫటికాన్ని విడి అయాన్లుగా విడదీయడానికి శక్తి పెట్టాలి. ఆ అయాన్ల చుట్టూ నీటి అణువులు చేరినప్పుడు శక్తి తిరిగి వస్తుంది. సోడియం క్లోరైడ్‌కు మోల్‌కు పెట్టేది దాదాపు 787 కిలోజౌళ్లు, వచ్చేది దాదాపు 783. నికరం +4.

ఈ తీసివేత కనిపించినంత తేలిక కాదు. దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యల తేడా ఇది. 787లో ఒక్క శాతం తప్పినా అది 8 కిలోజౌళ్లు, అంటే జవాబుకు రెట్టింపు, గుర్తు కూడా తారుమారు కావచ్చు. లవణం ఎందుకు చల్లబరుస్తుందో, ఎందుకు వేడెక్కిస్తుందో వివరించడానికి ఈ దారి పనికొస్తుంది. ఖచ్చితమైన విలువ కావాలంటే థర్మోకోల్ కప్పే నయం. రెండు శక్తులను వేర్వేరు పట్టికల నుంచి మాత్రం ఎప్పుడూ తీసుకోకండి.

12. జవాబు తేడాగా వస్తే ఇలా వెతకండి

జవాబు వెయ్యి రెట్లు తేడాగా ఉంటే: జౌళ్లను కిలోజౌళ్లుగా మార్చడం మరచిపోయారు. విశిష్టోష్ణం జౌళ్లలో, పట్టిక విలువ కిలోజౌళ్లలో ఉంటుంది.

పరిమాణం సరిపోయి గుర్తు మారితే: రెండో వరుసలోని మైనస్. మొదటి విభాగానికి వెళ్లండి.

పట్టిక విలువ కంటే ఐదు పది శాతం తక్కువ వస్తే: గ్రాఫ్ పొడిగించలేదు, మూత సరిగా మూయలేదు, లేదా కప్పును లెక్కలోకి తీసుకోలేదు. ఈ వరుసలోనే చూడండి.

సగం లేదా మూడో వంతు తక్కువ వస్తే: లవణం తేమ పీల్చుకుంది, అడుగున కరగకుండా మిగిలింది, లేదా స్ఫటిక జలం ఉన్న లవణానికి నిర్జల లవణపు మోలార్ ద్రవ్యరాశి వాడారు.

ప్రతిసారీ వేరే జవాబు వస్తే: కలిపే వేగం మారుతోంది, లేదా నీరు ఇంకా గది ఉష్ణోగ్రతకు రాలేదు. లవణం వేయక ముందటి నాలుగు రీడింగులు చూడండి, అవి కదులుతున్నాయంటే కారణం అక్కడే ఉంది.

అన్నీ సరిగా చేసినా రెండు మూడు శాతం తేడా మిగిలితే: మీ ద్రావణం గాఢత చూడండి. పట్టిక విలువలు బాగా విలీనమైన ద్రావణానివి. గాఢత పెరిగితే మోల్‌కు వచ్చే ఉష్ణం కొంత మారుతుంది. 0.1 మోల్‌కు బదులు 0.05 మోల్‌తో మరోసారి చేసి, రెండు జవాబులనూ, "100 గ్రాముల నీటికి ఇన్ని మోల్‌లు" అని గాఢతతో సహా పక్కపక్కన రాసి పెట్టండి.